అన్నీ అమర్చాక పిలిపించుకోకండి

ఈ ఏడాది ఉగాదికి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో కొన్ని తెలుగు కుటుంబాలం ఒక హాలు అద్దెకు తీసుకుని కలుసుకున్నాం. భోజనాల దగ్గర ఒక అబ్బాయి పరిచయమయ్యాడు. ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. భార్య, నాలుగేళ్ళ కొడుకు విజయవాడలో ఉన్నారు. వాళ్ళను ఎప్పుడు రప్పించుకుంటే మంచిదని అడిగాడు. చేతుల్లో పళ్ళేలతో నిలబడిన మగవాళ్ళందరిదీ ఒకే మాట: తొందరపడకు, ముందు ఇల్లు చూసుకో, వంటగది బిగించుకో, పిల్లాడికి కీటాలో (బడి వయసు రాని పిల్లలను చూసుకునే కేంద్రంలో) చోటు సంపాదించు, ఒక ఆరు నెలలు ఆగి అన్నీ అమిరాక తీసుకురా. పక్కనున్న ఆడవాళ్ళూ అవునన్నారు. "వదినా, మీరేమంటారు?" అని నన్ను కూడా అడిగాడు గానీ, పులిహోర కోసం నా వెనక పెద్ద వరుస ఉంది. అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

వీలుంటే అందరూ ఒకేసారి రండి. వీలు కాకపోతే, ముందు వచ్చినవాళ్ళు దయచేసి అన్నీ అమర్చి పెట్టకండి. కొత్త దేశంలో మొదటి రోజుల తిరుగుడు, విసుగు, ఆఫీసుల ముందు పడిగాపులు ఇవన్నీ కష్టాలే, కాదనను. కానీ ఆ దేశంతో పరిచయం అయ్యేది ఆ కష్టంలోనే. దాన్ని ఒక్కరే పడితే పరిచయం కూడా ఒక్కరికే అవుతుంది. రెండోవారు ఆ ఇంటికి వచ్చిన చుట్టంలా మిగిలిపోతారు.

నాకు దొరికిన ఇల్లు

మా ఆయన నాకంటే ముందు వచ్చారు. పాపతో నేను దిగేసరికి ఇల్లు కళకళలాడుతోంది. బియ్యం, కందిపప్పు, ఇంగువతో సహా డబ్బాల్లో నింపి ఉన్నాయి. దేవుడికి అలమరలో ఒక అర కేటాయించి ఉంది. బాల్కనీ తలుపు దగ్గర ఒక కాగితం అంటించి ఉంది: రోజుకు రెండుసార్లు కిటికీలు బార్లా తెరిచి గాలి ఆడనివ్వాలి, లేకపోతే గోడలకు బూజు పడుతుంది. చెత్తకు నాలుగు బుట్టలు, వాటి మీద తెలుగులో పేర్లు. అంత శ్రద్ధగా ఇల్లు సర్దిన మనిషిని ఎలా తప్పుపడతాం? మా అమ్మకు వీడియోలో చూపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అల్లుడు బంగారమని.

వచ్చిన వారంలోనే ఆన్‌మెల్డుంగ్‌కి వెళ్ళాం. ఇల్లు మారిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలన్నది ఇక్కడి చట్టం; బ్యాంకు ఖాతా మొదలుకొని పన్ను సంఖ్య దాకా దాదాపు అన్నీ దాని తర్వాతే. మా ఆయన దానికి ముందే సమయం తీసుకుని, ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం సిద్ధంగా ఉంచారు. కౌంటర్ వెనకున్నావిడ నా వైపు చూసి ఏదో అడిగింది. మా ఆయన జవాబు చెప్పారు. ఆవిడ టైపు చేసుకుంది. వేలు పెట్టి చూపించిన చోట నేను సంతకం పెట్టాను. బయటికి వచ్చాక ఆవిడేం అడిగిందని అడిగితే, "ఏ చర్చికైనా చెందినవారా అని. చర్చి పన్ను ఉంటుంది కదా, అందుకు" అన్నారు. నా మతం గురించి నన్ను అడిగిన ప్రశ్నకు నేను పక్కనుండగానే వేరొకరు జవాబు చెప్పారన్నమాట. ఆ రోజు అది నవ్వుకునే విషయంగానే అనిపించింది.

తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది. జర్మనీలో బతుకంతా ఉత్తరాల మీదే నడుస్తుంది. ముందుగా పన్ను శాఖ నుంచి మా మూడేళ్ళ పాప పేరిట ఒక కవరు వచ్చింది, పదకొండు అంకెల పన్ను సంఖ్యతో. ఇక్కడ నమోదైన ప్రతి మనిషికీ, పుట్టిన బిడ్డతో సహా, ఆ సంఖ్య ఇస్తారు. ఆయనది ఎప్పుడో వచ్చింది. నాది రాలేదు. ఆరోగ్య బీమా కార్డూ రాలేదు. వారాలు గడిచాయి. చివరికి తెలిసింది ఏమిటంటే, నా ఉత్తరాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి వెళ్ళిపోతున్నాయి.

కారణం చాలా చిన్నది. ఇక్కడి చిరునామాల్లో సాధారణంగా ఫ్లాట్ నంబరు ఉండదు. తపాలా మనిషి కింద వరుసగా ఉన్న పెట్టెల మీది ఇంటిపేర్లు చూసి ఉత్తరాలు వేస్తాడు. మా పెట్టె మీద మా ఆయన ఇంటిపేరు ఉంది. పాపదీ అదే. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. ఆ పేరు గలవాళ్ళు ఆ భవనంలో ఎవరూ లేరని తపాలా మనిషి అనుకోవడంలో తప్పేముంది? ఇంగువ దాకా గుర్తుపెట్టుకున్న మనిషికి నా పేరు పెట్టె మీద ఉండాలని తోచలేదు. నాకు తోచే అవకాశమే లేదు, పెట్టె తాళంచెవి ఆయన గుత్తిలో ఉండేది.

ఒక చీటీ మీద బాల్‌పెన్నుతో ఇంటిపేరు రాసి, టేపుతో ఆయన పేరు కింద అంటించాను. ఆ నెలాఖరుకి భవనం బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ దాన్ని పీకేసి ఇద్దరి పేర్లతో అచ్చు పలక పెట్టాడు. అడక్కుండానే పెట్టాడు, చేతిరాత చీటీ ఆయన కంటికి ఇంపుగా లేదట. జర్మనీకి వచ్చాక నా అంతట నేను పూర్తి చేసిన మొదటి పని అదే.

ఆయన వైపు నుంచి

ఈ విషయం మీద మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తుంది. ఆయన వాదనలో బలం ఉంది కాబట్టి చెప్పాలి.

ఇక్కడ అద్దె ఇల్లు అంటే చాలా చోట్ల నాలుగు గోడలే. వంటగదిలో గట్టు ఉండదు, సింకు ఉండదు, గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు పైపులు ఉంటాయి. దీపాల చోట కప్పు నుంచి తీగలు వేలాడుతుంటాయి. అలాంటి ఇల్లు దొరకడమే గగనం. మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ అడుగుతారు, జీతం రసీదులు అడుగుతారు, అప్పుల చరిత్ర చూపించమంటారు. కొత్తగా వచ్చినవాడికి ఈ దేశంలో అప్పుల చరిత్ర ఎక్కడి నుంచి వస్తుంది? ఆయన చలికాలంలో ఇళ్ళు చూస్తూ తిరిగారు. ఖాళీ చేసి వెళ్తున్నవాళ్ళ దగ్గర పాత వంటగది కొని, మరొక స్నేహితుడితో కలిసి దాన్ని విప్పి, మోసుకొచ్చి, మళ్ళీ బిగించారు. అన్నాళ్ళూ పెరుగూ బ్రెడ్డూ తిని పడుకున్నారు. "నువ్వు, పాప ఆ చలిలో నాతో తిరగాలా? మీకు కష్టం లేకుండా చేయడం నేరమా?" అంటారు.

నేరం కాదు. ఆ ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ రోజుల గురించి ఆయన చెప్పే తీరు గమనించండి. ఇళ్ళు చూసిన కథలు చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలుగుతుంది. ఏ పేటలో అద్దె ఎంత, ఏ యజమాని ఏమన్నాడు, మోటుగా మాట్లాడిన ఒక ముసలాయన చివరికి కాఫీ ఎలా ఇచ్చాడు, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతారు. ఆ ఊరు ఆయనది అయింది. నాకు చెప్పుకోవడానికి విమానం కథ తప్ప ఏమీ లేదు.

ఒకసారి ఆయన ఆఫీసు పని మీద హాంబుర్గ్ వెళ్ళారు. రాత్రి పాపకు జ్వరం వచ్చింది. ఇంట్లో మందు అయిపోయింది. దగ్గరున్న మందుల దుకాణం మూసి ఉంది, కానీ దాని తలుపుకి ఒక కాగితం ఉంది: ఆ రాత్రి తెరిచి ఉండే దుకాణం పేరు, వీధి. ఇక్కడ వంతుల వారీగా ఏదో ఒక దుకాణం రాత్రంతా పనిచేస్తుంది. పాపను తోపుడు బండిలో పడుకోబెట్టుకుని ట్రామ్ ఎక్కి వెళ్ళాను. అక్కడ కూడా తలుపు మూసే ఉంది, పక్కన గంట. నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంది. లోపలున్నావిడ అడిగిన మొదటి ప్రశ్న పాప బరువెంత అని. దానికి జవాబు నాకు తెలుసు. అంకెలు జర్మన్‌లో వచ్చు. మందు సీసా, మిల్లీలీటర్ల కొలత గీసిన సిరంజి, రాత్రి సేవకు రెండున్నర యూరోలు అదనం. కిటికీ మూసుకుంది.

అంతే జరిగింది. ధైర్యసాహసాల కథేమీ కాదు. కానీ నేను ఆ ఊరికి వచ్చి అప్పటికి చాలా నెలలైంది. రాత్రిపూట మందు ఎక్కడ దొరుకుతుందో అంతకాలం తెలియకుండా ఒక తల్లి ఉండగలిగిందంటే, ఆ ఇల్లు అంత బాగా అమర్చి ఉండటమే కారణం.

కలిసి వచ్చినవాళ్ళ సంగతి

నా మాటకు ఎదురు నిలిచే కుటుంబం ఒకటి మా వీధిలోనే ఉంది. గుంటూరువాళ్ళు. నలుగురూ ఒకేసారి దిగారు. మొదట సామానుతో సహా అద్దెకిచ్చే ఒక తాత్కాలిక అపార్ట్‌మెంటులో ఉన్నారు. ఆ యజమాని నమోదుకు కావలసిన పత్రం ఇవ్వనన్నాడు. నమోదు లేదు కాబట్టి పన్ను సంఖ్య లేదు, అది లేక మొదటి జీతంలో అత్యధిక శ్రేణిలో పన్ను కోసేశారు. ఆ డబ్బు తర్వాత వెనక్కి వచ్చిందనుకోండి, కానీ అద్దె కట్టాల్సిన నెలలో రాలేదు. పెద్దపిల్లను బడిలో చేర్చాలి. ఇక్కడ ఇంట్లో ఉంచి చదివిస్తామంటే కుదరదు. ఆవిడ ఆ రోజుల గురించి అడిగితే "పగవాళ్ళకు కూడా వద్దు" అంటుంది. ఆ అబ్బాయికి నేను ఇచ్చే సలహా ఆవిడ వింటే నన్ను తిడుతుంది.

అయినా నేను చూసింది వేరు. మా వాడకట్టులో ఏ తెలుగింటికి ఏ కాగితం వచ్చినా ముందు ఫోను వెళ్ళేది ఆవిడకే. టీవీ, రేడియో ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టాలని కొత్తవాళ్ళకు చెప్పేది ఆవిడే. అది మోసగాళ్ళ ఉత్తరమనుకుని చించేసేవాళ్ళు ఏటా ఒకరైనా ఉంటారు. భర్త ఉద్యోగానికి వెళ్తుంటే కార్యాలయాల చుట్టూ తిరగడానికి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? తిరిగింది, నేర్చుకుంది. ఇప్పుడు ఒక లెక్కల సంస్థలో పనిచేస్తోంది.

ఇక్కడే నాకు ఒక సందేహం. ఆవిడ గుంటూరులో బ్యాంకు ఉద్యోగి. కాగితాలంటే భయం లేని మనిషి. కలిసి రావడం వల్ల అలా అయిందా, అలాంటి మనిషి కాబట్టే కలిసి వస్తానని పట్టుబట్టిందా? నిజాయితీగా చెప్పాలంటే రెండోది కూడా సగం నిజం. మరో కుటుంబంలో ఇదే ఒత్తిడికి ఒకావిడ రెండు నెలల్లో పిల్లాడిని తీసుకుని తిరిగి వెళ్ళిపోయింది. కాబట్టి కష్టపెడితే అందరూ రాటుదేలుతారని నేను అనడం లేదు. నాలుగు నెలల పసిబిడ్డ ఉన్న ఇంటికి, చేతిలో డబ్బు బొత్తిగా లేని ఇంటికి ఈ సలహా వర్తించదు.

చట్టం మాత్రం కలిసి వచ్చేవాళ్ళకు అడ్డు కాదన్న సంగతి చాలామందికి తెలియదు. బ్లూ కార్డు (ఉన్నత చదువు గల విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద వచ్చే ఉద్యోగి భార్యకో భర్తకో ముందస్తు జర్మన్ పరీక్ష సర్టిఫికెట్ అక్కర్లేదు. ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి కూడా ఉంటుంది. అమెరికాలో ఉద్యోగి వెంట వెళ్ళే భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారిలో చాలామందికి లేని హక్కు అది. మన వెనకటి అలవాటు మాత్రం ఆ హక్కును ఆరు నెలలు విజయవాడలో కూర్చోబెడుతుంది.

పై అంతస్తులో ఆవిడ

మా భవనంలో పై అంతస్తులో ఒక టర్కీ ఆవిడ ఉంటుంది. వయసు డెబ్బై దాటింది. నాకు కేర్‌వోఖె నేర్పింది ఆవిడే. ఈ స్వాబియా ప్రాంతంలో మెట్లు, వాకిలి ఊడ్చే పని ఇళ్ళవాళ్ళ మధ్య వారాల వంతుగా తిరుగుతుంది. వంతు ఎవరిదో వాళ్ళ తలుపుకి ఒక చిన్న పలక వేలాడుతుంది. 1492లో కౌంట్ ఎబెర్‌హార్డ్ స్టుట్‌గార్ట్‌వాసులను వారానికోసారి చెత్త ఎత్తిపొయ్యాలని ఆదేశించాడని, ఈ ఆచారం అక్కడ మొదలైందని అంటారు. మా ఇంటి వంతు వచ్చినప్పుడల్లా మా ఆయనే పొద్దున్నే ఊడ్చేసేవారు. నేను లేచేసరికి పలక పక్కింటికి వెళ్ళిపోయేది. హాంబుర్గ్ వారంలో పలక మా తలుపుకే ఉండిపోయింది. శనివారం ఆవిడ దిగి వచ్చి, ఏమీ అనకుండా చీపురు చేతికిచ్చి, ఏ మెట్టు నుంచి ఏ మెట్టు వరకు మాదో చూపించింది.

ఆవిడ భర్త ఫ్యాక్టరీ పని కోసం వచ్చినవాడు. అప్పటి పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకున్నది 1961లో. మొదట్లో ఎక్కువగా ఒంటరి మగవాళ్ళే వచ్చారు. 1973లో కొత్త నియామకాలు ఆపేశాక, తిరిగి వెళ్తే మళ్ళీ రానివ్వరేమోనని చాలామంది భార్యాబిడ్డలను పిలిపించుకున్నారు. ఈవిడ అలా వచ్చింది, అమర్చిన ఇంట్లోకి. కాగితాలన్నీ ఆయనే చూసుకునేవాడు. ఆయన పోయిన తర్వాత ఆ ఇంటి సొరుగులో తెరవని ఉత్తరాలు పేరుకుపోయాయట. అరవై ఏళ్ళ వయసులో పట్టణ గ్రంథాలయంలో భాషా తరగతికి వెళ్ళడం మొదలుపెట్టింది. నాకు ఇది నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పింది కదా అని తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఆమె చదువుకోలేదు, మేం చదువుకున్నవాళ్ళం, మాకు అలా జరగదని వాదించవచ్చు. ఎంటెక్ చదివి కూడా లెటర్‌బాక్సు తాళంచెవి చూడని ఇల్లాళ్ళు ఈ ఊళ్ళో ఎందరున్నారో నేను చూస్తూనే ఉన్నాను.

మరి ఏం చేయాలి?

కీటాలో పిల్లలను అలవాటు చేసే పద్ధతి ఒకటి ఉంది. మొదటి కొద్ది రోజులు తల్లో తండ్రో అదే గదిలో ఒక చిన్న కుర్చీ మీద కూర్చోవాలి. పిల్లను ఆడించకూడదు, బొమ్మలు అందించకూడదు, ఊరికే కనబడుతూ ఉండాలి. తర్వాత ఒకరోజు కొన్ని నిమిషాలు బయటికి వెళ్ళి రావాలి. మెల్లగా ఆ సమయం పెరుగుతుంది. మా పాప కోసం నేను అలా కూర్చున్నాను. నాకు నచ్చిందేమిటంటే, పిల్లను నీళ్ళల్లోకి తోసెయ్యరు, అలాగని తల్లి చేతుల మీదుగానే అన్నీ జరగనివ్వరు. ముందు వచ్చిన భర్త (కొన్ని ఇళ్ళల్లో భార్య, నర్సు ఉద్యోగాలతో కేరళ నుంచి వచ్చే కుటుంబాల్లో అదే ఎక్కువ) చేయాల్సింది ఆ కుర్చీలో కూర్చోవడమే. పక్కనే ఉండండి, కాగితం మాత్రం ఆమె చేతిలో ఉండనివ్వండి.

ఇల్లు వెతకడం, డిపాజిట్, వంటగది వరకు ముందు వచ్చినవాళ్ళు చేయక తప్పదని ఒప్పుకుంటున్నాను. మిగతావి ఆపండి. నమోదు కార్యాలయంలో సమయం ఇద్దరూ కలిసి తీసుకోండి. కౌంటర్ దగ్గర మాట్లాడేది ఆమె. తప్పులు వస్తాయి, అక్కడివాళ్ళు విసుక్కుంటారు, ప్రాణం పోదు. కీటా కోసం ఉత్తరాలు రాయడం, పిల్లల డాక్టర్‌ను వెతకడం ఆమెకు వదిలిపెట్టండి. కొత్తవాళ్ళను చేర్చుకోం అనే డాక్టర్లు చాలామంది ఉంటారు కాబట్టి పది చోట్ల ఫోను చేయాలి, ఆ పది ఫోన్లే మంచి జర్మన్ తరగతి. ఆరోగ్య బీమాలో కుటుంబాన్ని చేర్చే ఫారం ఆమె నింపాలి. ఖాళీ సీసాలు మిషన్‌లో వేసి సీసాకు పాతిక సెంట్ల దాకా వెనక్కి తెచ్చుకునే పని కూడా ఆమెకే ఇవ్వండి, అందులో చెప్పలేని సరదా ఉంది. పళ్ళేలు, గిన్నెలు, కర్టెన్లు కొనకండి. లెటర్‌బాక్సు తాళంచెవులు రెండు చేయించండి, పేర్లు రెండూ రాయండి.

ఆమె కూడా విమానం దిగకముందే ఒక మాట అడగాలి: నాకు ఏం మిగిల్చావు అని. "అన్నీ చేసేశాను, నువ్వు రావడమే ఆలస్యం" అనే జవాబు వస్తే సంబరపడకుండా కొంచెం పోట్లాడాలి. నేను పోట్లాడటం ఆలస్యంగా మొదలుపెట్టాను కాబట్టి ఇప్పుడు బాకీతో సహా తీరుస్తున్నానని మా ఆయన అంటారు.

ఇది ఆయనకు చదవమని ఇచ్చాను. వంటగది బిగించిన స్నేహితుడి పేరు రాయనందుకు నొచ్చుకున్నారు, రాయకూడదని చెప్పాను. జాబితా మొత్తం చదివి, దీపాలైనా ముందు వచ్చినవాడు బిగించవచ్చా అని అడిగారు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి దానికి ఒప్పుకున్నాను.